డెస్క్‌టాప్‌కు పాత టెస్లా కార్డు తగిలించడం: పీ40 మేలా, పీ100 మేలా?

#1 · బెజవాడ_బీమ్

అందరికీ నమస్కారం. 3డీ ఫైనైట్ ఎలిమెంట్ లెక్కల (వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి దాని వంపులు, ఒత్తిళ్లు లెక్కించే పద్ధతి) కోసం ఇంట్లో పీసీకి ఒక కంప్యూట్ కార్డు కలపాలి. ఇప్పుడున్నవి ఇవీ:

రైజెన్ 5 5600జీ, బీ450 మైక్రో ఏటీఎక్స్ బోర్డు, డీడీఆర్4-3200 16 జీబీ (ఒకటే స్టిక్), 550 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై, 600 వీఏ యూపీఎస్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఉబుంటు 24.04, పక్కన ఇంకో డిస్కులో విండోస్ 10.

కోడ్ సొంతంగా రాసింది, పైథాన్, సైపై. 8 నోడ్ల బ్రిక్ ఎలిమెంట్లు, దాదాపు 12 లక్షల డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (కనుక్కోవాల్సిన విలువలు). సమీకరణాలు సాధించేది జాకోబీ ప్రీకండిషనర్‌తో కాంజుగేట్ గ్రేడియంట్ (ఇటరేషన్లతో జవాబుకు దగ్గరయ్యే పద్ధతి). ఒక్కో లోడ్ స్టెప్‌కు 3,000 ఇటరేషన్ల దాకా పోతుంది. అంతా డబుల్ ప్రెసిషన్ (64 బిట్ల అంకెలు).

సెకండ్‌హ్యాండ్‌లో ఎన్విడియా పాత సర్వర్ కార్డులు టెస్లా పీ40 24 జీబీ, టెస్లా పీ100 16 జీబీ రెండూ దొరుకుతున్నాయి. మెమరీ ఎక్కువ కదా అని పీ40 వైపు మొగ్గుతున్నాను. సరేనా? కార్డు కాక ఇంకేం కొనాలి?

#2 · చిప్పుల_చారి

పీ40 వద్దండీ. అది న్యూరల్ నెట్ ఇన్ఫరెన్స్ కోసం చేసిన కార్డు. సింగిల్ ప్రెసిషన్‌లో 12 టెరాఫ్లాప్స్ (సెకనుకు 12 లక్షల కోట్ల లెక్కలు) కనిపిస్తుంది గానీ డబుల్ ప్రెసిషన్‌లో దానికి 32వ వంతే, అంటే 370 గిగాఫ్లాప్స్ లోపు. మీ 5600జీ లెక్క వేసుకోండి: 6 కోర్లు, ఒక్కో సైకిల్‌కు 16 డబుల్ ఆపరేషన్లు, 4.2 గిగాహెర్ట్జ్. 400 దాటింది. ఉన్న ప్రాసెసర్ కన్నా తక్కువ లెక్క చేసే కార్డును 250 వాట్లు పెట్టి ఎవరైనా పోషిస్తారా?

పీ100 డబుల్ ప్రెసిషన్ 4.7 టెరాఫ్లాప్స్. ఇక పోలికే లేదు.

#3 · స్పార్స్_రవళి

చారి గారు చెప్పిన అంకెలు కరెక్టే, కానీ ఈ లెక్కకు అవి వర్తించవు. ఆయన చెప్పింది డెన్స్ మ్యాట్రిక్స్ గుణకారానికి. బీమ్ గారు చేస్తున్నది స్పార్స్ మ్యాట్రిక్స్‌ను (దాదాపు అన్నీ సున్నాలే ఉన్నదాన్ని) వెక్టర్‌తో గుణించడం. ఇక్కడ ప్రాసెసర్ ఎంత లెక్కపెట్టగలదన్నది కాదు, మెమరీ ఎంత వేగంగా అందిస్తుందన్నదే అంతా.

సీఎస్ఆర్‌లో (సున్నాలు వదిలి మిగతావే వరుసలవారీగా దాచే పద్ధతి) ఒక్కో నాన్‌జీరోకు విలువ 8 బైట్లు, కాలమ్ ఇండెక్స్ 4 బైట్లు. 12 బైట్లు చదివితే చేసేది రెండు ఆపరేషన్లు, ఒక గుణకారం ఒక కూడిక. అంటే సెకనుకు ఎన్ని గిగాబైట్లు వస్తే అందులో ఆరో వంతే గిగాఫ్లాప్స్.

పీ40 బ్యాండ్‌విడ్త్ 346 జీబీ/సె. కాబట్టి పైకప్పు 58 గిగాఫ్లాప్స్. దాని 370 ఎఫ్‌పీ64 (డబుల్ ప్రెసిషన్) కూడా ఇక్కడ మిగిలిపోతుంది.
పీ100 (16 జీబీ మోడల్) 732 జీబీ/సె. పైకప్పు 122.
మీ పీసీ డ్యూయల్ చానల్‌లో ఉంటే 51.2 జీబీ/సె. పైకప్పు 8.5.
ఒకటే స్టిక్ కాబట్టి ఇప్పుడు 25.6. పైకప్పు 4.3.

అందుకని పీ40 పనికిరాదనడం తప్పు. మీ పీసీని చాలా వెనక వదిలేస్తుంది. పీ100 దానికి రెట్టింపు, అంతే. పదమూడు రెట్లు కాదు.

మీ సైజుకు: 8 నోడ్ల బ్రిక్ మెష్‌లో లోపలి నోడ్‌కు తనతో కలిపి 27 పొరుగు నోడ్లు, ఒక్కోదానికి 3 దిశలు, కాబట్టి వరుసకు 81 నాన్‌జీరోలు. 12 లక్షల వరుసలకు 9.7 కోట్లు, 12 బైట్ల చొప్పున 1.17 జీబీ. ఒక్క ఇటరేషన్‌కు ఇంత మెమరీ ఒకసారి పూర్తిగా చదవాలి. ఆచరణలో కాగితం మీది అంకెలో ముప్పాతిక వంతు వస్తుందనుకుంటే పీ100లో దాదాపు 2.1 మిల్లీసెకన్లు, పీ40లో 4.5, డ్యూయల్ చానల్ పీసీలో 30, సింగిల్ చానల్‌లో 60. దీన్ని 3,000తో గుణించుకోండి.

#4 · బెజవాడ_బీమ్

రవళి గారూ, మా మ్యాట్రిక్స్‌లో నాన్‌జీరోలు 9.6 కోట్ల చిల్లర. మీ లెక్క సరిగ్గా సరిపోయింది. కానీ ఇటరేషన్‌కు 60 కాదు, ఇంకాస్త ఎక్కువే పడుతోంది. ఎందుకు?

#5 · స్పార్స్_రవళి

సైపైలో సీఎస్ఆర్ గుణకారం ఒకే కోర్ మీద నడుస్తుంది. మిగతా ఐదు కోర్లు ఖాళీగా కూర్చుంటాయి. దానికి తోడు కాంజుగేట్ గ్రేడియంట్‌లో వచ్చే డాట్ ప్రొడక్టులు, వెక్టర్ కూడికలు, మధ్యలో నంపై సృష్టించే తాత్కాలిక అర్రేలు.

కార్డు సంగతి తర్వాత చూద్దాం. ముందు రెండో 16 జీబీ స్టిక్ పెట్టండి. దాంతోపాటు గుణకారాన్ని నంబాలో (పైథాన్ కోడ్‌ను మెషీన్ కోడ్‌గా మార్చే లైబ్రరీ) ప్యారలల్ లూప్‌గా రాయండి, పట్టుమని పది లైన్లు ఉండదు. వరుసలను థ్రెడ్లకు పంచితే సరిపోతుంది, సీఎస్ఆర్‌లో ఒక్కో వరుస స్వతంత్రం కాబట్టి లాకులతో పని లేదు. ఈ రెండూ చేశాక వచ్చిన టైమ్‌తో కార్డును పోల్చండి. సింగిల్ స్టిక్, సింగిల్ కోర్‌తో పోల్చి "జీపీయూ 40 రెట్లు" అని రాసేవాళ్లు ఇంటర్నెట్ నిండా ఉన్నారు.

#6 · కొత్తకార్డు_కిట్టు

ఈ పాత సామాను గోలంతా ఎందుకు? ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ తీసుకుంటే పోలా? బ్యాండ్‌విడ్త్ 360 జీబీ/సె, ఎఫ్‌పీ64 దాదాపు 200 గిగాఫ్లాప్స్. రవళి గారి సూత్రం ప్రకారం పైకప్పు 60. పీ40తో సమానం. పైగా ఫ్యాన్ ఉంటుంది, మానిటర్ తగిలించొచ్చు, మామూలు 8 పిన్ కనెక్టర్, 170 వాట్లు, డ్రైవర్ సపోర్టు నడుస్తోంది.

#7 · స్పార్స్_రవళి

కిట్టు చెప్పింది నిజం. ఈ పనికైతే పీ40 కన్నా 3060యే మేలు. ఒక జాగ్రత్త: 3060లో 8 జీబీ రకం కూడా ఉంది, దాని బస్ 128 బిట్లే, బ్యాండ్‌విడ్త్ 240కి పడిపోతుంది. పేరు చూసి కాదు, బస్ చూసి కొనాలి.

మెమరీ విషయంలో 12 జీబీ చాలు. మ్యాట్రిక్స్ 1.17 జీబీయే అయినా అసెంబ్లీ (ఒక్కో ఎలిమెంట్ చిన్న మ్యాట్రిక్స్‌ను పెద్దదాంట్లో కలపడం) కూడా కార్డు మీదే చేస్తే అంతకంటే ఎక్కువ కావాలి. దాదాపు 3.9 లక్షల ఎలిమెంట్లు, ఒక్కోదానికి 24×24 = 576 ఎంట్రీలు, సీఓఓలో (వరుస, కాలమ్, విలువ మూడూ దాచే పద్ధతి) ఎంట్రీకి 16 బైట్లు. మొత్తం 3.6 జీబీ. సీఎస్ఆర్‌గా మార్చేటప్పుడు సార్టింగ్‌కు ఇంకో అంత తాత్కాలికంగా అడుగుతుంది. 8 జీబీ కార్డుల్లో "అవుట్ ఆఫ్ మెమరీ" వచ్చేది సాల్వ్ దగ్గర కాదు, ఇక్కడే.

నా లెక్కలో వరస: వేగమే ముఖ్యం, చేతులు నల్లగా చేసుకోవడానికి సిద్ధం అంటే పీ100. ప్రశాంతంగా ఉండాలంటే 3060 12 జీబీ. ఈ పనికి మాత్రం పీ40 రెండిటికీ చెడిన బేరం.

#8 · చిప్పుల_చారి

ఒప్పుకుంటాను, ఇటరేటివ్ సాల్వర్‌కు రవళి గారి లెక్కే సరైనది. కానీ డైరెక్ట్ సాల్వర్ (ఇటరేషన్లు లేకుండా మ్యాట్రిక్స్‌ను ఫ్యాక్టర్లుగా విడగొట్టేది) వాడితే? అక్కడ ఫ్రంటల్ మ్యాట్రిక్సులు డెన్స్‌గా ఉంటాయి, ఎఫ్‌పీ64 బలం అక్కరకొస్తుంది.

#9 · స్పార్స్_రవళి

వస్తుంది, కానీ 3డీలో 12 లక్షల డిగ్రీస్‌కు ఫ్యాక్టర్ పట్టేంత చోటు 16 జీబీలో ఉండదు. ఫిల్-ఇన్ (విడగొట్టేటప్పుడు సున్నాల చోట కొత్తగా పుట్టే విలువలు) పదుల జీబీలకు పోతుంది. 2డీ మెష్‌లకైతే మీ మాట వింటాను.

#10 · సీటీసీ_సుబ్బు

కార్డు ఏదో తేల్చుకునే ముందు పవర్ కనెక్టర్ సంగతి తెల్సుకోవాలె బ్రదర్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడాప్టర్ అడిగితే చేతికి ఏదొస్తే అది పెట్టి ఇస్తరు కొందరు. అక్కడే కొంప మునుగుతది.

పీ40, పీ100 పీసీఐఈ రకాల మీద ఉన్న 8 పిన్ సాకెట్ గ్రాఫిక్స్ కార్డులది కాదు. అది ఈపీఎస్, అంటే మదర్‌బోర్డు మీద సీపీయూకు పెట్టే 8 పిన్. రెండూ చూడనీకి అన్నదమ్ముల లెక్కుంటయ్ గానీ లోపల ప్లస్సు మైనస్సు తారుమారు. ఈపీఎస్‌లో క్లిప్ ఉన్న వరుస నాలుగూ 12 వోల్టులు, ఇంకో వరుస నాలుగూ గ్రౌండ్. పీసీఐఈ 8 పిన్‌లో మూడే 12 వోల్టులు, అవీ క్లిప్‌కు అవతలి వరుసలో ఉంటయ్, మిగతా ఐదూ గ్రౌండ్. పిన్నుల ఆకారం వేరే కాబట్టి మామూలుగా దిగదు, కానీ బలం పెట్టి నొక్కేటోళ్లుంటరు. నొక్కితే 12 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కు. మంచి పవర్ సప్లై అయితే ట్రిప్ అయితది. లేకుంటే కార్డు సంగతి దేవుడెరుగు.

రెండు దార్లున్నయ్:

పవర్ సప్లైకి రెండో ఈపీఎస్ కేబుల్ ఉంటే అదే నేరుగా పెట్టు. దానికి మించింది లేదు. 550 వాట్లవాటిలో తరచుగా ఒక్కటే ఉంటది, చూస్కో.

లేకుంటే రెండు పీసీఐఈ 8 పిన్లను ఒక ఈపీఎస్‌గా కలిపే అడాప్టర్. ఎన్విడియా పార్ట్ నంబరు 030-0571-000, ఆ నంబరు పెట్టి వెతికితే దొర్కుతది. రెండు మూతులూ వేర్వేరు కేబుళ్ల నుంచి రావాలె. ఒకే కేబుల్‌కు ఉన్న రెండు మూతులు వాడాల్సొస్తే కార్డును 180 వాట్లకు కట్టెయ్.

మోలెక్స్ నుంచి, సాటా నుంచి వచ్చే అడాప్టర్ల జోలికి పోవద్దు. సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల మీద 4.5 యాంపియర్లు, అంటే 54 వాట్లు మాత్రమే. కార్డు ఫుల్ లోడ్ మీద 12 వోల్టుల దగ్గర 20 యాంపియర్లు దాటుతది.

అడాప్టర్ వచ్చినంక కార్డుకు పెట్టకముందే మల్టీమీటర్. పవర్ సప్లైకి అడాప్టర్ తగిలించి ఆన్ చెయ్, నల్ల ప్రోబ్ కేబినెట్ ఇనుముకు పెట్టు, ఎర్ర ప్రోబ్ ఒక్కో పిన్నుకు. క్లిప్ వైపు నాల్గింటికీ 12 చూపాలె, అవతలి నాల్గింటికీ సున్నా. వైర్ల రంగు నమ్మకు, ఇప్పుడన్నీ నల్లగనే వస్తున్నయ్. ఇంకో మాట, వేరే పవర్ సప్లై మాడ్యులర్ కేబుల్ తెచ్చి దీనికి పెట్టొద్దు. కంపెనీ కంపెనీకీ సప్లై వైపు పిన్నుల వరస మారుతది.

#11 · బెజవాడ_బీమ్

సుబ్బన్నా, చాలా థాంక్స్. మా దానికి ఈపీఎస్ ఒకటే. పీసీఐఈ 6+2 మూతులు రెండున్నాయి, రెండూ ఒకే కేబుల్ మీద. మరి చల్లదనం సంగతి? కార్డుకు ఫ్యాన్ ఉండదంటున్నారు. వేసవిలో ఇక్కడ గదిలోనే 38 డిగ్రీలు.

#12 · పెనం_మీద_పీసీ

ఫ్యాన్ లేకపోవడమంటే ఫ్యాన్ అక్కర్లేదని కాదు. ఈ కార్డులు సర్వర్ ఛాసిస్‌లో ఎదురుగా గోడలా నిలబడే ఫ్యాన్లు హీట్‌సింక్ గుండా గాలి బలంగా తోస్తాయన్న నమ్మకంతో చేసినవి. డెస్క్‌టాప్‌లో పక్కన ఒక 120 మి.మీ. ఫ్యాన్ పెట్టి "గాలి తగులుతోందిగా" అంటే లాభం లేదు. ఫిన్నుల మధ్య సందు ఇరుకు, గాలి చుట్టూ తిరిగి పోతుందే తప్ప లోపలికి దూరదు. కార్డు వెనక అంచుకు గొట్టంలా డక్ట్ బిగించి, అందులోకి బ్లోయర్‌తో నెట్టాలి.

ఎంత గాలి కావాలో చిన్న సూత్రం: గాలి వేడెక్కే డిగ్రీలు = 1.76 × వాట్లు ÷ సీఎఫ్ఎమ్ (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి). 250 వాట్లు, 20 సీఎఫ్ఎమ్ అయితే 22 డిగ్రీలు. మీ 38 గదిలో, కేబినెట్ లోపల 42 అనుకుంటే, కార్డు నుంచి బయటికొచ్చే గాలే 64. చిప్ దానికన్నా ఇంకో 15–20 పైన ఉంటుంది. అదే 10 సీఎఫ్ఎమ్ అయితే గాలి ఒక్కటే 44 డిగ్రీలు ఎక్కుతుంది, కార్డు తనంతట తాను క్లాక్ తగ్గించుకుంటుంది. 180 వాట్లకు పరిమితి పెట్టి 20 సీఎఫ్ఎమ్ ఇస్తే 16 డిగ్రీలతో పోతుంది. సీఎఫ్ఎమ్ అంటే బ్లోయర్ డబ్బా మీద రాసింది కాదు, ఫిన్నుల అడ్డు దాటి నిజంగా వెళ్లేది. సగం అనుకుని కొనండి.

ఏం కొనాలంటే: 97×94×33 మి.మీ. సైజు 12 వోల్టుల బ్లోయర్, 4 వైర్ల పీడబ్ల్యూఎమ్ (వేగం మార్చగలిగే) రకం. 40×28 సర్వర్ ఫ్యాన్లు రెండు పెట్టినా పనిచేస్తుంది, కానీ ఆ కీచుకు ఇంట్లోవాళ్లు మిమ్మల్ని కార్డుతో సహా డాబా మీదికి పంపిస్తారు.

డక్ట్‌ను 3డీ ప్రింట్ చేయించండి, పీఎల్ఏలో మాత్రం వద్దు. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. పని నడిచేటప్పుడు చల్లగాలి తగులుతుంది కాబట్టి బాగానే ఉంటుంది. పని ఆపి పీసీ ఆఫ్ చేయగానే హీట్‌సింక్‌లో మిగిలిన వేడి డక్ట్ మూతిలోకి ఎక్కి అది వంకర తిరుగుతుంది, సందు పడి గాలి పక్కకు పోతుంది. పీఈటీజీ లేదా ఏబీఎస్ అడగండి. కార్డుకూ డక్ట్‌కూ మధ్య కాప్టన్ టేపో, పల్చటి ఫోమో చుట్టండి.

బ్లోయర్ లేబుల్ మీద యాంపియర్లు చూడండి. మదర్‌బోర్డు ఫ్యాన్ హెడర్లు మామూలుగా 1 యాంపియర్ వరకే. అంతకు మించితే పవర్ నేరుగా సప్లై నుంచి ఇచ్చి, పీడబ్ల్యూఎమ్, ట్యాకో (వేగం ఎంతో చెప్పే) వైర్లు మాత్రమే హెడర్‌కు కలపండి.

పొడవు కొలిచారా? కార్డు 267 మి.మీ. డక్ట్, బ్లోయర్ కలిస్తే 370–400 అవుతుంది. మైక్రో ఏటీఎక్స్ కేబినెట్లలో హార్డ్‌డిస్క్ కేజ్ అడ్డం వస్తుంది.

#13 · డిప్‌స్విచ్_తాత

బయాస్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. 1981 ఐబీఎమ్ పీసీ బోర్డు మీద 8088 పక్కనే 8087 కోసం 40 పిన్నుల ఖాళీ సాకెట్ ఉండేది. చిప్ గుచ్చితే సరిపోదు, డిప్ స్విచ్ బ్లాకులో రెండోదాన్ని కూడా మార్చాలి. ఇప్పటి స్విచ్ పేరు "అబవ్ 4జీ డీకోడింగ్".

సంగతేమిటంటే, ఈ కార్డులు తమ మెమరీ మొత్తానికీ అడ్రస్ స్థలం అడుగుతాయి. బార్1 (ఆ అడ్రస్ కిటికీ) సైజు పీ100 16 జీబీకి 16 జీబీ, పీ40కి 32 జీబీ. పాత పద్ధతిలో 4 జీబీ లోపలే అన్ని పరికరాలకూ చోటివ్వాలి, కాబట్టి దొరకదు. అప్పుడు తెర నల్లగా ఉండిపోతుంది, లేదా బూట్ అయి లాగ్‌లో "బార్1 ఈజ్ 0ఎమ్" అని వస్తుంది. ఈ వాక్యం కనిపిస్తే డ్రైవర్‌ను వందసార్లు తీసి వేసినా ప్రయోజనం లేదు, తప్పు బయాస్‌లో ఉంది.

చేయాల్సిన వరుస: కార్డు పెట్టకముందే బయాస్‌ను తాజా వెర్షన్‌కు మార్చండి. సీఎస్ఎమ్ (పాత బయాస్ పద్ధతిలో బూట్ చేసే ఏర్పాటు) ఆపండి. అబవ్ 4జీ డీకోడింగ్ ఆన్. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌ను "ఆటో" నుంచి "ఫోర్స్" లేదా "ఎనేబుల్"కు మార్చి, మొదటి డిస్‌ప్లేగా దాన్నే ఎంచుకోండి. చాలా బోర్డులు పెద్ద స్లాట్‌లో ఏదైనా కనబడగానే లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. టెస్లాకు వీడియో పోర్టే లేదు కాబట్టి తెర ఆరిపోయి, కార్డు పోయిందనుకుంటారు. సేవ్ చేసి, పవర్ పీకి, అప్పుడు కార్డు పెట్టండి.

సీఎస్ఎమ్ ఆపితే ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉన్న డిస్కు బూట్ అవదు. మీ విండోస్ 10 డిస్కు ఎంబీఆర్ అయితే ముందే దాన్ని జీపీటీకి మార్చుకోండి, విండోస్‌లోనే "ఎంబీఆర్2జీపీటీ" ఉంది. బ్యాకప్ తీశాకే.

#14 · బెజవాడ_బీమ్

తాతగారూ, విండోస్ డిస్కు ఎంబీఆరే. మార్చుకుంటాను. బోర్డు మీద పొడవు స్లాట్లు రెండున్నాయి. కేజ్ అడ్డం రాకుండా కార్డును కింది స్లాట్‌లో పెట్టొచ్చా?

#15 · చిప్పుల_చారి

బీ450లో కింది పొడవు స్లాట్ చూపులకే ఎక్స్16. లోపల ఎక్స్4, అదీ చాలా బోర్డుల్లో చిప్‌సెట్ నుంచి పీసీఐఈ 2.0. కాగితం మీదే 2 జీబీ/సె. పై స్లాట్‌లో మీ 5600జీతో 3.0 ఎక్స్16 పూర్తిగా వస్తుంది, 15.75 జీబీ/సె. (3400జీ లాంటి పాత ఏపీయూలైతే ఎక్స్8యే.) అయినా స్లాట్ తేడా మీ లెక్కకు ఎంత అనేది రవళి గారు చెప్పాలి.

#16 · స్పార్స్_రవళి

కోడ్ ఎలా రాశారన్న దాని మీద ఉంది. మ్యాట్రిక్స్‌ను ఒకసారి పంపి సాల్వ్ అయ్యేదాకా కార్డు మీదే ఉంచితే, కింది స్లాట్‌లో 1.17 జీబీకి ముప్పాతిక సెకను పడుతుంది. పోతే పోయింది. అదే ప్రతి ఇటరేషన్‌లో వెక్టర్‌ను అటూ ఇటూ తిప్పితే: 12 లక్షలు × 8 బైట్లు = 9.6 ఎంబీ. కింది స్లాట్‌లో పోనూ రానూ కలిపి 10 మిల్లీసెకన్ల పైమాటే. పీ100లో అసలు గుణకారం 2.1. కార్డు తన సమయంలో ఐదింట నాలుగు వంతులు ఎదురుచూపులకే ఖర్చు పెడుతుంది.

కూపైకి (నంపై లాంటిదే, కార్డు మీద నడిచే లైబ్రరీ) మార్చేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. గుణకారం ఒక్కదాన్నే కార్డుకు పంపి, మిగతా ఆల్గారిథమ్‌ను నంపైలో వదిలేస్తారు. అలా కాదు, ఎక్స్, ఆర్, పీ, ఏపీ, డయాగొనల్ విలోమం ఐదు వెక్టర్లూ కూపై అర్రేలుగా పుట్టి, కార్డు మీదే ఉండాలి. పైకి రావాల్సింది రెసిడ్యువల్ నార్మ్ ఒక్కటే, అదీ ప్రతి ఇటరేషన్‌కూ అక్కర్లేదు, 25కి ఒకసారి చూస్తే చాలు. ఆల్ఫా, బీటాలను కూడా పైథాన్ ఫ్లోట్‌గా మార్చకండి, జీరో-డైమెన్షన్ కూపై అర్రేలుగానే వదిలేయండి. ఫ్లోట్ అన్న మరుక్షణం కార్డు చేతిలో పని పూర్తయ్యేదాకా సీపీయూ ఆగుతుంది.

జాకోబీ మీకు కలిసొచ్చింది, అది వెక్టర్ గుణకారమే. ఇటరేషన్లు తగ్గుతాయి కదా అని ఇన్‌కంప్లీట్ ఛొలెస్కీకి వెళ్లకండి. దాని ట్రయాంగ్యులర్ సాల్వ్ ఒక వరుస తర్వాత ఒక వరుస జరగాలి, కార్డు మీద నత్తనడక. తగ్గించాలంటే మల్టీగ్రిడ్ చూడండి, ఎన్విడియా ఏఎమ్‌జీఎక్స్ ఓపెన్ సోర్స్‌గా ఉంది.

చిన్న మెష్‌లకు మాత్రం కార్డు ముట్టుకోకండి. 20,000 డిగ్రీస్‌కు మ్యాట్రిక్స్ 19 ఎంబీయే, మీ ప్రాసెసర్ 16 ఎంబీ క్యాష్‌కు కాస్త ఎక్కువ. కార్డులో అసలు పని కన్నా పైథాన్ నుంచి కెర్నళ్లు పంపే ఖర్చే ఎక్కువవుతుంది.

#17 · కెర్నల్_కృష్ణ

డ్రైవర్ గురించి. పీ40, పీ100 రెండూ పాస్కల్ తరం. వీటికి ఎన్విడియా 580 శాఖే చివరిది. ఆ తర్వాతి శాఖ వేస్తే కార్డు కనిపించదు. ఎన్విడియా కంప్యూట్ సాఫ్ట్‌వేర్ కుడా 13 కూడా పాస్కల్‌ను వదిలేసింది, కాబట్టి కుడా 12 మీద ఆగాలి. కూపై ప్యాకేజీ ఎంచుకునేటప్పుడు "కుడా12ఎక్స్" రకమే. పైటార్చ్ కూడా కావాలంటే కుడా 12.6 బిల్డ్ తీసుకోండి.

ఉబుంటులో డ్రైవర్ జాబితాలో పేరు చివర "ఓపెన్" ఉన్నది ఎంచుకోవద్దు. ఓపెన్ కెర్నల్ మాడ్యూల్‌కు కార్డులో జీఎస్‌పీ అనే ప్రాసెసర్ ఉండాలి, అది పాస్కల్ తర్వాత వచ్చిన ట్యూరింగ్ తరం నుంచే మొదలైంది. పొరపాటున అది వేస్తే మాడ్యూల్ లోడ్ అవదు. లాగ్‌లో కారణం స్పష్టంగానే రాస్తుంది, ఎవరూ చదవరు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాల్ సమయంలో పాస్‌వర్డ్ అడుగుతుంది, రీబూట్ అయినప్పుడు వచ్చే నీలం తెరలో "ఎన్‌రోల్ ఎంఓకే" ఎంచుకుని అదే ఇవ్వాలి. ఆ తెర పది సెకన్లలో పోతుంది. పక్కకు పోయి టీ తెచ్చుకునేలోపు మిస్ అవుతారు.

అన్నీ పనిచేశాక డ్రైవర్ ప్యాకేజీలను ఆప్ట్‌లో "హోల్డ్" చేయండి. తర్వాత రూట్‌గా ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ (కార్డు స్థితి చూపే, మార్చే కమాండ్)తో పర్సిస్టెన్స్ మోడ్ ఆన్, పవర్ పరిమితి 180. ఈ పరిమితి రీబూట్‌కు పోతుంది, సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టుకోండి. స్పార్స్ గుణకారంలో కోర్లు ఎలాగూ మెమరీ కోసం ఆగుతుంటాయి కాబట్టి వాట్లు తగ్గించినా వేగం పెద్దగా పడదు.

బ్లోయర్‌ను కార్డు ఉష్ణోగ్రతకు ముడిపెట్టడం బోర్డు చేతిలో లేదు, దానికి కార్డు వేడి తెలియదు. ఐదు సెకన్లకోసారి ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ నుంచి అంకె తీసి లినక్స్‌లో ఫ్యాన్ వేగం నడిపే హెచ్‌డబ్ల్యూమాన్ పీడబ్ల్యూఎమ్ ఫైల్‌లో రాసే చిన్న స్క్రిప్ట్ చాలు. స్క్రిప్ట్ చచ్చిపోతే ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌కు పోయేలా రాయండి, ఉన్న స్పీడ్‌లో ఆగిపోయేలా కాదు.

#18 · సీటీసీ_సుబ్బు

కొనేటప్పుడు చూసేటివి జల్ది చెప్తా. పీ100 పేరుతో చవగ్గా కనబడితే ఫొటో చూడు. పలకలాగుండి కింద కనెక్టర్లుంటే అది ఎస్‌ఎక్స్‌ఎమ్2, పీసీఐఈ స్లాట్‌ల ఎక్కదు. పీ100లో 12 జీబీ రకం కూడా ఉంది, బ్యాండ్‌విడ్త్ 549కే ఆగుతది. కే80 24 జీబీ అంటరు, అది 12+12, రెండు చిప్పులు. పైగా పాస్కల్ కన్నా పాత కెప్లర్ తరం, కుడా 12ల లేనే లేదు. ఇంటెల్ జియాన్ ఫై కార్డు చవగ్గా ఇస్తమంటే దండం పెట్టి వచ్చెయ్. లినక్స్ కెర్నల్ నుంచి దాని సపోర్టే తీసేసిన్రు.

అమ్మేటోడి దగ్గర కార్డు నడుస్తుంటే ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐల ఈసీసీ (మెమరీ తప్పుల లెక్క), పేజ్ రిటైర్‌మెంట్ (చెడిపోయి పక్కన పెట్టిన మెమరీ) రెండు విభాగాలు చూపియ్యమను. డబుల్ బిట్ ఎర్రర్లు ఉంటే వద్దు. తర్వాత జీపీయూ-బర్న్ (కార్డును ఫుల్ లోడ్ మీద నడిపే టెస్ట్) డబుల్ ప్రెసిషన్ మోడ్‌ల అర్ధగంట. ఎర్రర్ కౌంట్ సున్నా ఉండాలె, వేడి ఒక దగ్గర నిలవాలె.

#19 · పెనం_మీద_పీసీ

ఆ 600 వీఏ యూపీఎస్ గురించి ఎవరూ అడగలేదేం? వాటి అసలు సామర్థ్యం 360 వాట్ల దగ్గర ఉంటుంది. కార్డు 250, ప్రాసెసర్ ఒక కోర్ మీద 45, బోర్డు డిస్కులు బ్లోయర్ 40. మొత్తం 335. సప్లై 85 శాతం సామర్థ్యంతో గోడ దగ్గర 394. కరెంటు పోయిన క్షణంలోనే ఓవర్‌లోడ్ అరుపు, పీసీ ఆఫ్. 180 పరిమితితో 310కి వస్తుంది, గట్టెక్కుతుంది గానీ నిమిషాల లెక్కే.

యూపీఎస్ మార్చడం కన్నా ముందు ప్రతి లోడ్ స్టెప్ చివర డిస్‌ప్లేస్‌మెంట్ వెక్టర్‌ను డిస్కుకు రాయండి. 9.6 ఎంబీ, ఖర్చే లేదు. తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చండి. నేరుగా పాత ఫైల్ మీదే రాస్తుంటే సగంలో కరెంటు పోయిందంటే పాతదీ కొత్తదీ రెండూ పోతాయి.

#20 · బెజవాడ_బీమ్

అందరికీ ధన్యవాదాలు. ముందు రెండో స్టిక్, నంబా. ఆ టైమ్ చూశాక కార్డు. వెళ్తే పీ100 16 జీబీయే, పై స్లాట్‌లో, 180 పరిమితితో. కేబినెట్‌లో కొలిచాను, హార్డ్‌డిస్క్ కేజ్ ఉంటే పై స్లాట్ దగ్గర 310 మి.మీ. మాత్రమే. కేజ్ రివెట్లతో ఉంది. తీసేయాలా?

#21 · పెనం_మీద_పీసీ

రివెట్లు 4 మి.మీ. డ్రిల్ బిట్‌తో తలలు కోస్తే ఊడిపోతాయి, కానీ బోర్డు కేబినెట్‌లో ఉండగా ఆ పని చేయకండి. ఇనుప రజను ఒక్క రవ్వ సాకెట్ వెనక పడినా చాలు షార్ట్ అవ్వడానికి. కోయడం ఇష్టం లేకపోతే బ్లోయర్‌ను కార్డుకు వరుసలో కాకుండా కిందికి 90 డిగ్రీలు తిరిగే డక్ట్ అడగండి. మలుపులో కొంత గాలి పోతుంది గానీ 180 వాట్లకు నెట్టుకొస్తుంది. అది పెడితే కింది స్లాట్లు మూసుకుపోతాయి, వైఫై కార్డు ఏదైనా ఉందేమో చూసుకోండి.